మెదడు చేరిన వ్యాధికి క్రొవ్వే బత్తెము

రొమ్మునందో ఊపిరితిత్తులందో పుట్టిన క్యాన్సర్ కణము మెదడున నిలదొక్కుకొనుటకు తనకు వలసిన క్రొవ్వును తానే తయారుచేసికొనవలసి వచ్చుచున్నదని ఇటీవలి పరిశోధనలు చెప్పుచున్నవి. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి కృషికిని ఈ జ్ఞానమునకును గల సంబంధమేమి? గంజాము, బరంపురము వాసులు దీనివలన గ్రహింపవలసినదేమి?

రొమ్మున లేచిన గడ్డను కోసి తీసివేసి, మందులన్నియు వాడి, రెండు మూడేండ్లు నిశ్చింతగా గడచిన పిమ్మట, ఒకనాటి యుదయమున తలనొప్పితోను వాంతితోను ఆరంభమైన బాధ తలకు తీసిన స్కానులో మచ్చలుగా కానవచ్చినప్పుడు, ఆ యింటివారు వైద్యుని అడుగు మొదటి ప్రశ్న యొక్కటే: అక్కడ పుట్టిన వ్యాధి ఇక్కడి కెట్లు వచ్చినది? ఈ ప్రశ్న బరంపురమున తెలుగులోను వినబడును, ఒడియాలోను వినబడును. 1936వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా ఏర్పడువరకును మద్రాసు రాజధానిలో భాగమై యుండిన ఈ గంజాము సీమలో రెండు భాషలును ఒకే వీధిలో, తరచుగా ఒకే యింటిలో, కలసి మెలసి వర్ధిల్లుచున్నవి. వ్యాధి సోకిన కుటుంబములును భాషాభేదము లేక, ఉత్తరమున భువనేశ్వరమునకో కటకమునకో, దక్షిణమున విశాఖపట్టణమునకో ఒకే రైలుమార్గమున చికిత్సకై ప్రయాణము కట్టుచుండును.

వ్యాధి రక్తము వెంట వచ్చినదని వైద్యులు చెప్పు సమాధానము సత్యమే. అయినను అది అర్ధసత్యము. వచ్చుట వేరు, వచ్చి బ్రతుకుట వేరు. మాతృస్థానమును విడిచి రక్తప్రవాహమున పడిన క్యాన్సర్ కణములలో అత్యధికభాగము త్రోవలోనే నశించిపోవును. గమ్యము చేరిన కొలదివానిలోను పెక్కులు అక్కడి పరిస్థితులకు తాళలేక అంతరించును. మిగిలి నిలిచినవి ఏమి తిని నిలిచినవి? గత పదియేండ్లుగా పలు ప్రయోగశాలలు ఈ ప్రశ్ననే వెంబడించి పోగా, వేరువేరు దారులలో పోయినవారికిని మాటిమాటికి ఎదురైన సమాధానము ఒక్కటే: క్రొవ్వు.

విత్తనమును నేలయు

1889లో స్టీఫెన్ పేజెట్ అను లండను శస్త్రవైద్యుడు, రొమ్ముక్యాన్సరుతో మరణించిన 735 మంది స్త్రీల వృత్తాంతములను పరిశీలించి, వ్యాధి వ్యాపించిన యవయవములను లెక్కించి చూడగా, ఆ వ్యాప్తి రక్తము పోయిన చోటికెల్ల సమానముగా జరుగలేదని తేలినది. కాలేయమును ఎముకలును మిక్కిలిగా వ్యాధిగ్రస్తము లగుటయు, రక్తము సమృద్ధిగా ప్రవహించు ప్లీహము వంటి యవయవములు చాలవరకు తప్పించుకొనుటయు చూచి, విత్తనములు నలుదిక్కుల కెగసినను అనువైన నేలపై బడినవే మొలకెత్తునని ఆయన సిద్ధాంతీకరించెను. నూటముప్పదియేండ్లు దాటినను ఆ సిద్ధాంతము చెక్కుచెదరలేదు. నేల అనువుగా నుండుటకు హేతువేమో విడమరచి చెప్పుటయే తరువాతి తరములవారి పని యైనది.

మెదడను నేలను వెదకికొని పోవు వ్యాధులలో ఊపిరితిత్తుల క్యాన్సరు మొదటిది; రొమ్ముక్యాన్సరు, మెలనోమా అను చర్మక్యాన్సరు, మూత్రపిండముల క్యాన్సరు, పెద్దప్రేగు క్యాన్సరు దాని వెనుక వచ్చును. పెద్దవయసువారిలో మెదడుననే స్వయముగా పుట్టు దుష్టగ్రంథులకంటె ఇతరస్థలములనుండి వచ్చి చేరినవే అధికము. రొమ్ముక్యాన్సరులోను అన్ని రకములును సమానము కావు. హెర్-2 అను గ్రాహకము అధికముగా గలవియు, హెర్-2తో సహా వైద్యులు పరీక్షించు మూడు గ్రాహకములును లేనివియు మెదడునకు ప్రాకు స్వభావము హెచ్చుగా గలవి.

మెదడు ఇతరావయవముల వంటి నేల కాదు. 1885లో జర్మను శాస్త్రజ్ఞుడు పౌల్ ఎర్లిఖ్ జంతువుల రక్తములోనికి రంగుల నెక్కించి చూడగా దేహమంతయు రంగు పట్టినను మెదడు మాత్రము తెల్లగానే మిగిలెను. 1913లో ఆయన శిష్యుడు గోల్డ్‌మన్ రంగును మెదడు చుట్టునున్న ద్రవములోనికే ఎక్కింపగా మెదడు రంగు పట్టినది గాని శేషశరీరమునకు అది ప్రాకలేదు. రక్తమునకును మెదడునకును నడుమ నున్న ఈ యవరోధము, కేశనాళికల గోడలలోని కణములు సందు లేకుండ ఒకదాని నొకటి అంటియుండుటచే నేర్పడినది. అది గ్లూకోజును ఆహ్వానించును, అనేకములైన విషములను, మందులను, రక్తమున తిరుగు క్రొవ్వు కణికలను నివారించును.

గంజాము ఉత్తరపుటంచున, రంభ యొద్ద, చిల్కా సరస్సును ఎరిగిన బెస్తవారికి ఇట్టి నేల సంగతి కొత్తది కాదు. వానకాలమున నదుల మంచినీరు వచ్చి కలియగా సరస్సులో ఉప్పు తగ్గును, ఎండకాలమున మరల పెరుగును. సముద్రమునుండి మొగ గుండ లోనికి వచ్చిన చేపలలో తమ దేహమందలి ఉప్పును మారిన నీటికి తగినట్లు సవరించుకొనగలిగిన జాతులే అందు నిలుచును. మెదడు చేరిన క్యాన్సర్ కణమునకును ఇట్టి పరీక్షయే ఎదురగుచున్నది. అక్కడ ఉప్పు విషయమున జరుగు సవరణ, ఇక్కడ క్రొవ్వు విషయమున జరుగవలసియున్నది.

క్రొవ్వుల కొలువున క్రొవ్వు కరవు

మెదడు శరీరభారమున నూటికి రెండు పాళ్లు మాత్రమే. అయినను విశ్రాంతిగా నున్న శరీరము వ్యయించు శక్తిలో సుమారు అయిదవవంతు దానికే చెల్లును. నీటిని మినహాయించి తూచినచో దానిలో సగమునకు పైగా క్రొవ్వుజాతి పదార్థములే. దేహమందలి కొలెస్టరాలులో ఇంచుమించు నాల్గవవంతు అందే నిలిచియున్నది. ఇంత క్రొవ్వు గల చోట పరాయికణమునకు క్రొవ్వు దొరకదనుట వింతగా తోపవచ్చును. కాని మెదడులోని క్రొవ్వు చాలవరకు నాడీతంతువుల తొడుగులయందును కణముల పొరలయందును కట్టడముగా బిగిసియున్నది. ఎవరికి వలసిన వారు తీసికొనుటకు వీలుగా గాదెలలో పోసిన క్రొవ్వు అక్కడ లేదు. బయటినుండి రక్తము తెచ్చు క్రొవ్వును అవరోధము చాలవరకు ఆపివేయును. మెదడు తనకు వలసిన కొలెస్టరాలును తానే తయారుచేసికొనును. రొమ్మునందలి పరిస్థితి దీనికి కేవలము విపరీతము. అక్కడ పుట్టిన కణమునకు నలుప్రక్కలను క్రొవ్వునిలువలే.

వృద్ధినొందు ప్రతి కణమును రెండుగా చీలుటకు ముందు తన పొరను రెండింతలు చేసికొనవలెను. పొరకు ముడిసరుకు క్రొవ్వు ఆమ్లములు. అమెరికాలో గ్రేస్ మెడీస్ అను విదుషీమణియు, ఆమె సహచరులును 1953లోనే, దుష్టగ్రంథుల ముక్కలు చక్కెర మొదలగు పదార్థములనుండి క్రొవ్వు ఆమ్లములను స్వయముగా నిర్మించుకొనగలవని చూపిరి. ఆ నిర్మాణమునకు మూలమైన ఎంజైము ఫ్యాటీ ఆసిడ్ సింథేజ్; అది రెండేసి కర్బన పరమాణువులను వరుసగా కూర్చి, పదునారు కర్బనములు గల పామిటిక్ ఆమ్లమును తయారుచేయును. క్రొవ్వు చౌకగా దొరకు చోట కణమునకు ఈ శ్రమ అంతగా అవసరము కాదు. దొరకని చోట ఇదియే ప్రాణాధారము.

ఈ తర్కమును ప్రత్యక్షముగా నిరూపించినది 2021లో ‘నేచర్ క్యాన్సర్’ పత్రికయందు ప్రకటితమైన పరిశోధన. బోస్టను నగరమున రాకేశ్ జైన్, దాని ప్రక్కనున్న కేంబ్రిడ్జిలో మాథ్యూ వాండర్ హైడెన్ నడుపు బృందములును, జీనో ఫెరారో మొదలగు వారును కలసి, హెర్-2 రకపు రొమ్ముక్యాన్సర్ కణములను ఎలుకల రొమ్మునందును మెదడునందును పెంచి పోల్చి చూచిరి. ఒకే వంశపు కణములు మెదడున పెరిగినప్పుడు క్రొవ్వు ఆమ్లములను అధికముగా నిర్మించుకొనుచుండెను. ఆ ఎంజైమును నిరోధించినప్పుడు మెదడులోని గ్రంథి గట్టిగా దెబ్బతిన్నది, రొమ్ములోని గ్రంథి అంతగా చలింపలేదు. ఒకే వ్యాధి, ఒకే కణము. నెలవు మారగానే దాని యవసరము మారినది, అవసరముతో పాటు బలహీనతయు మారినది. ఈ వ్యాసమున చెప్పదలచిన దానికెల్ల సారము ఈ వాక్యముననే కలదు.

ఇచ్చట మరియొక సంగతి గమనింపదగినది. నాడీకణములకు పరిచర్య చేయు ఆస్ట్రోసైట్లు అను కణములు క్రొవ్వు ఆమ్లములను విడుదలచేయును. అమెరికాలో దిహువా యు బృందము 2019లో, మెదడు చేరిన క్యాన్సర్ కణములు వానిలోని బహుళ అసంతృప్త రకములను అందుకొని, వానిచే తమలోని వృద్ధికారకమైన ఒక గ్రాహకమును మేల్కొల్పుకొనుచున్నవని ఎలుకలయందు చూపెను. మెదడును కాపాడవలసిన కణములే తమ కెరుక లేక శత్రువునకు సాయపడుచున్న వన్నమాట.

నిద్రించు కణముల ఇంధనము

చికిత్స ముగిసిన యేండ్లకు వ్యాధి మెదడున తలయెత్తుటకు కారణము, అప్పటివరకు అందు నిద్రాణములై యుండిన కొలది కణములు. అవి పెరుగవు, చావవు. మందులు ఎక్కువగా పెరుగుచున్న కణములనే వెదకి చంపును గనుక వీని నంతగా అంటవు. డల్లాసు నగరమునందలి టెక్సాస్ సౌత్‌వెస్టర్న్ వైద్యకేంద్రమున శ్రీనివాస్ మల్లాది ప్రయోగశాలలో ప్రవత్ కుమార్ పరిడా మొదలగువారు ఈ నిద్రాణకణముల జీవక్రియను శ్రద్ధగా పరిశోధించిరి. మల్లాది, పరిడా అను ఈ యింటిపేర్లు తెలుగును ఒడియాయు కలసిన బరంపురపు పాఠకులకు చిరపరిచితములు.

వీరు 2023లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, మెదడున నిద్రించు హెర్-2 రకపు కణములలో మైటోకాండ్రియాలు, అనగా కణమునకు శక్తి నొసగు అంగములు, చిన్న చిన్న తునకలుగా విడిపోయి యుండును. ఆ విభజనకు డి.ఆర్.పి.1 అను ప్రోటీను కారణము. అట్లు విడిపోయిన మైటోకాండ్రియాలు క్రొవ్వు ఆమ్లములను దహించి, కణమును ఆక్సీకరణపు ఒత్తిడినుండి కాపాడుచు, దీర్ఘకాలము సజీవముగా నిలుపుచున్నవి. ఆ ప్రోటీనును అడ్డగించినప్పుడు క్రొవ్వు దహనము కుంటుపడినది. ఎలుకల మెదడునందలి వ్యాప్తియు తగ్గినది. ఒకచోట క్రొవ్వును నిర్మించుట, మరియొకచోట దహించుట. పెరుగు కణమునకు మొదటిది, వేచియుండు కణమునకు రెండవది ముఖ్యమగుచున్నది.

క్రొవ్వునే యేల దహించును? ఒక గ్లూకోజు అణువు పూర్తిగా దహింపబడినచో కణమునకు దక్కునవి సుమారు 30 నుండి 32 ఏ.టి.పి. అణువులు, ఒక పామిటిక్ ఆమ్లపు అణువు నుండి దక్కునవి 106. కొలదిపాటి క్రొవ్వు చాలకాలము వచ్చును. కణములు శక్తిని వెచ్చించు నాణెమైన ఈ ఏ.టి.పి.ని 1929లో, జర్మనీలో కార్ల్ లోమన్ కనుగొన్న కాలముననే, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలసి కనుగొన్నవారు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

సుబ్బారావుగారి మందు, వెన్నుపామునందలి ద్రవము

1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించి, మద్రాసు వైద్యకళాశాలలో చదివి, 1923లో బోస్టను చేరిన సుబ్బారావుగారు 1940లో లెడర్లీ పరిశోధనశాలలో ప్రవేశించిరి. గంజాము తీరమున బోదకాలు నివారణకై ఆరోగ్యకార్యకర్తలు ఇంటింటికి తెచ్చి మ్రింగించు డి.ఇ.సి. మాత్ర ఆయన నాయకత్వమున లెడర్లీలో రూపొందినదే; ఆ మాత్రను మ్రింగిన లక్షలమందిలో ఆయన పేరు ఎరిగినవారు స్వల్పులు. ఆయన బృందమే ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసి, పిమ్మట దానికి విరోధులైన పదార్థములను నిర్మించెను. ఆ విరోధులలో నొకటియైన అమినోప్టెరిన్‌ను బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు సోకిన 16 మంది పసివారికి ఈయగా 10 మందిలో తాత్కాలికముగనైనను మేలు కనబడెను. ఆ ఫలితములు 1948 జూన్‌లో వెలువడినవి. ఆగస్టులో సుబ్బారావుగారు పరమపదించిరి.

అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది. పసివారి రక్తక్యాన్సరు శరీరమంతట అణగినట్లు కనబడియు మెదడును, వెన్నుపామును కప్పియుండు పొరలలో దాగి తిరిగి లేచుచుండెడిది. ఆ రహస్యస్థానమునకు ప్రత్యేక చికిత్స లేని దినములలో సగమునకు పైగా పిల్లలలో వ్యాధి అక్కడనే మరల తలయెత్తెడిది. వెన్నులో సూది గ్రుచ్చి వెన్నుపాము చుట్టునున్న ద్రవములోనికి మెథోట్రెక్సేట్‌ను నేరుగా ఎక్కించు పద్ధతి ఆ స్థితిని మార్చుటలో ప్రధానపాత్ర వహించినది. క్యాన్సరు మెదడు పరిసరములకు ప్రాకుటను అడ్డుకొన్న తొలి ఆయుధములలో నొకటి తెలుగునాట పుట్టిన మేధావి నడపిన ప్రయోగశాలనుండి వచ్చినదనుట మనకు గర్వకారణము.

ఆ ద్రవమున దాగు రక్తక్యాన్సర్ కణములు ఏమి తిని బ్రతుకుచున్నవో 2020లో ‘నేచర్ క్యాన్సర్’ పత్రికలోనే ఆంజెలా సావినో, షాయ్ ఇజ్రేలీ మొదలగువారు వివరించిరి. మెదడు చుట్టునుండు ద్రవము క్రొవ్వు విషయమున కడు పేద. అందు చేరిన కణములు సంతృప్త క్రొవ్వు ఆమ్లములను అసంతృప్తములుగా మార్చు స్టియరోయిల్ డీశాచురేజ్ అను ఎంజైమును హెచ్చించుకొని ఆ పేదరికమును తట్టుకొనుచున్నవి. దానిని నిరోధించినప్పుడు ఎలుకలలో ఆ స్థానపు వ్యాధిభారము తగ్గెను. రొమ్ముక్యాన్సరు, రక్తక్యాన్సరు పరస్పరము పోలిక లేని రెండు వ్యాధులు. మెదడు గడప దాటగానే రెండును క్రొవ్వు నిర్మాణమునే ఆశ్రయించుట, ఈ సిద్ధాంతమునకు బలమైన సాక్ష్యము.

అడ్డపొగ, గుండి, పామాయిలు

ఇక మన తీరపు అలవాట్లను చూతము. గంజాము, శ్రీకాకుళము, విశాఖ తీరములయందు చుట్టను నిప్పున్న కొన నోట పెట్టుకొని కాల్చు ‘అడ్డపొగ’ అలవాటు శాస్త్రలోకమున ప్రసిద్ధము. డెన్మార్కు పండితుడు యెన్స్ పిండ్‌బోర్గ్, బొంబాయికి చెందిన ఫలి మెహతా మొదలగువారు శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల అంగిళ్లను పరీక్షించి 1971లో ప్రకటించిన అధ్యయనము, ఈ అలవాటు అంగిటి వికారములకును క్యాన్సరునకును దారితీయుటను వెల్లడించినది. ఇప్పుడు అడ్డపొగ తగ్గుచున్నను గుట్కా, గుండి, గుడాకు అను పొగాకు సరుకులు దాని స్థానము నాక్రమించినవి. 2016-17 జాతీయ పొగాకు సర్వేలో ఒడిశా వయోజనులలో నూటికి సుమారు 45 మంది ఏదో యొక రూపమున పొగాకు వాడుచున్నట్లు తేలినది. దేశమున సగటు నూటికి 29 లోపే. నోటి క్యాన్సరు ప్రధానముగా మెడలోని గ్రంథులకు ప్రాకును, మెదడునకు అరుదుగా పోవును. కాని పొగ వలన వచ్చు ఊపిరితిత్తుల క్యాన్సరునకు మెదడు సుపరిచితమైన గమ్యము.

నోటి క్యాన్సరు వ్యాప్తిలోను క్రొవ్వు ప్రమేయమును బార్సెలోనా శాస్త్రజ్ఞుడు సాల్వడార్ అజ్నార్ బెనితా బృందము చూపినది. క్రొవ్వును లోనికి తీసికొను సి.డి.36 అను గ్రాహకము అధికముగా గల నోటిక్యాన్సర్ కణములే ఎలుకలలో వ్యాప్తికి మూలమని 2017లోను, పామిటిక్ ఆమ్లము ఆ కణములలో వ్యాప్తిస్వభావమును దీర్ఘకాలము నిలుపుననియు, ఓలియిక్, లినోలియిక్ ఆమ్లములకు అట్టి ప్రభావము కనబడలేదనియు 2021లోను వారు ప్రకటించిరి. పామాయిలులో పామిటిక్ ఆమ్లము నూటికి సుమారు 44 పాళ్లు. నువ్వులనూనెలో ఇంచుమించు 9. ఆవనూనెలో ఇంకను తక్కువ.

వంటింటికి చెప్పవలసిన మాట

ఈ యంకెలు చదివి నూనె డబ్బాను గుమ్మము బయట పెట్టినంతమాత్రమున మెదడు రక్షింపబడునని ఎవ్వరును తలపరాదు. మెదడు చేరిన కణము క్రొవ్వును చక్కెరనుండియు నిర్మించుకొనుచున్నది. చక్కెర మానినను కాలేయము రక్తమునకు చక్కెర నందించుచునే యుండును. క్రొవ్వును గూర్చి పైన చెప్పిన పరిశోధనలు ప్రధానముగా ఎలుకలయందు జరిగినవి. ఏ యాహారనియమమును మనుష్యులలో క్యాన్సరు మెదడునకు ప్రాకుటను ఆపునని నిరూపితము కాలేదు. చికిత్సలో నున్న రోగి ఉపవాసములతో, కఠిన పథ్యములతో చిక్కిపోయినచో మందులను తట్టుకొను శక్తి నశించును. నూనెలను మితముగా, మార్చి మార్చి వాడుట ఆరోగ్యవంతులకు మంచిది. రోగికి మాత్రము వైద్యుడు చెప్పిన పుష్టికరమైన యాహారమే పథ్యము.

ఔషధముల విషయమున ఆశకు తావు కలదు. క్రొవ్వు నిర్మాణపు ఎంజైమును నిరోధించు డెనిఫాన్‌స్టాట్ అను మందు మానవులపై పరీక్షలవరకు వచ్చినది. ఇకపై కావలసినవి అవరోధమును దాటి మెదడును చేరగల నిరోధకములు, ఆరోగ్యకరములైన నాడీకణములకు హాని చేయని మోతాదులు. ఈలోపల శస్త్రచికిత్స, గురిచూచి ఇచ్చు రేడియేషన్, వాపును తగ్గించు మందులు ఉన్నవి. హెర్-2 రకపు రొమ్ముక్యాన్సరు మెదడునకు ప్రాకినవారికి టుకాటినిబ్ మేలు చేయుచున్నదని 2020లో తేలినది. కాబట్టి మెదడు చేరినదన్న మాట విని కుటుంబము చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు.

పూర్వము క్యాన్సరు వచ్చి చికిత్స పొందినవారికి ఉదయవేళల హెచ్చు తలనొప్పి, కారణము లేని వాంతులు, మూర్ఛ, ఒక ప్రక్క కాలుసేతుల బలహీనత, మాట తడబాటు, చూపు మసకబారుట, నడకలో తూలుట, స్వభావమున అకస్మాత్తుగా మార్పు కలుగవచ్చును. వీనిలో ఏది కనబడినను దానిని పైత్యమనియో రక్తపుపోటనియో సరిపెట్టుకొనక వైద్యునికి పాత రోగచరిత్రను చెప్పి స్కాను తీయించుకొనవలెను. ముప్పదియేండ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారపు పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో జాతీయ కార్యక్రమముక్రింద జరుగుచున్నవి. ఆ పరీక్షకు పోవుట ఏ పథ్యముకన్నను ఫలప్రదము, ఏలయన పుట్టినచోటనే పట్టుబడిన వ్యాధి మెదడునకు పోవు అవకాశము బహుస్వల్పము.

బరంపురము చేయదగిన పని

1962లో స్థాపితమైన మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్యకళాశాలయు, 2016లో ఆరంభమైన భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధనాసంస్థయు నేడు బరంపురపు పరిధిలోనే యున్నవి. ఒకదానిలో రోగులు, మరియొకదానిలో కణములను, అణువులను పరిశోధించు యువశాస్త్రజ్ఞులు. ఇంత దగ్గరగా రెండును సమకూరిన పట్టణములు మన దేశమున విరివిగా లేవు. ఈ తీరప్రాంతపు రోగుల గ్రంథులలో క్రొవ్వు ఎంజైములు ఏ రీతి నుండునో, పొగాకు వలన పుట్టిన క్యాన్సరులు ఏ క్రొవ్వు నాశ్రయించునో, రోగుల సమ్మతితో భద్రపరచిన కణజాలములయందు పరిశీలించుట వారికి శక్యమైన పని. డల్లాసులోను బోస్టనులోను వెలసిన ప్రశ్నలకు గంజాము రోగి దేహమునుండి లభించు సమాధానము గంజామునకే ముందుగా ఉపకరింపవలెను.

రెండవ పని మనందరిది. వ్యాధిలక్షణములు, పరీక్షలు, చికిత్సావకాశములు తెలుగులోను ఒడియాలోను సులభమైన మాటలలో ప్రతి యింటికి చేరవలెను. పొగాకు విడుచుటకు సహాయము ప్రతి ఆరోగ్యకేంద్రమున దొరకవలెను. ఏ కణమైనను ఎక్కడ బ్రతుకదలచునో అక్కడి కరవును జయింపవలసియున్నదనియు, ఆ జయమునకు అది ఆధారపడు ఎంజైమే దానిని కొట్టుటకు మనకు చిక్కిన చోటనియు శాస్త్రజ్ఞులు తెలిసికొన్నారు. వారు ఆ చోటును కొట్టగల మందును సిద్ధము చేయులోపల, వ్యాధి మెదడు దాక పోకుండ మొదటిచోటనే పట్టుకొనుట మన చేతిలోని పని. దానికి నేటినుండియే పూనుకొనవలెను.